శుక్రవారం వండి శనివారం తినే బిర్యానీ

మా అమ్మాయి నాలుగేళ్ళు కాలేజీ టీమ్‌లో సాఫ్ట్‌బాల్ ఆడిందని నేను ఎవరితోనైనా అంటే, అది పక్కనుంటే చాలు, వెంటనే దిద్దుతుంది. "ఆడలేదు అమ్మా. టీమ్‌లో ఉన్నాను, అంతే." మాట నిజమే. నాలుగేళ్ళలో ఒక్క ఆటకి కూడా దాన్ని మైదానంలోకి పిలవలేదు. మైదానం పక్కన కంచె కట్టిన ఇరుకు జాగా ఒకటుంటుంది, బుల్‌పెన్ అంటారు. బంతి విసిరే అమ్మాయిలు ఆటలోకి దిగేముందు అక్కడ భుజాలు సాగదీసుకుంటూ వందేసి బంతులు విసురుతారు. గొంతుక్కూర్చుని ఆ బంతులు పట్టడమే మా అమ్మాయి పని. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు వాచిపోయిన దాని మోకాళ్ళు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

షాంటిలీలో మా ఇంటి నుంచి మూడు గంటలు డ్రైవ్ చేస్తే కొండల మధ్య వస్తుంది ఆ చిన్న క్యాథలిక్ యూనివర్సిటీ. దానికి ఆటల చరిత్ర చాలానే ఉంది. ఆడపిల్లల టీమ్ మొదలుపెట్టింది ఒక సిస్టర్. అప్పట్లో యూనిఫాములకి దిక్కులేక, కాలేజీ ఆవరణలో ఉన్న చిన్న చర్చి, చాపెల్‌లో తీసేసిన మెరూన్ రంగు తెరలు కత్తిరించి ఆవిడే కుట్టారట. ఆ మొదటి టీమ్ ఫోటో జిమ్ వరండాలో ఉంది. మైదానంలోకి వెళ్ళే ప్రతి పిల్లా దాన్ని ముట్టుకుని వెళ్తుంది, అందుకే అద్దం ఒక మూల మసకబారిపోయింది. మైదానం ఎడమవైపు ఒకప్పుడు కాన్వెంటు వాళ్ళ బంగాళాదుంపల మడి. ఇప్పటికీ బంతి అటు పోతే "దుంపల్లో పడింది" అని అరుస్తారు. ఇవన్నీ మా అమ్మాయి ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెబుతుంటే, "అది సరే, నువ్వెప్పుడు ఆడతావే?" అని అడిగేదాన్ని. ఫోన్ పెట్టేసేది.

శుక్రవారం ఆట అయ్యాక టీమ్ అంతా చాపెల్ కింది హాల్లో కలిసి భోంచేస్తుంది. ఆ భోజనం తల్లిదండ్రులు వంతులవారీగా తేవాలి. మొదటి ఏడు మార్చిలో మా వంతు వచ్చింది.

"అమ్మా, జస్ట్ పిజ్జా ఆర్డర్ చెయ్యి. ప్లీజ్. పెద్ద సీన్ చెయ్యొద్దు" అంది.

నేను వింటానా? ఆటలో ఎలాగూ కనబడని పిల్ల, కనీసం భోజనంలోనైనా దాని పేరు వినబడాలనుకున్నాను. ఆఫీసుకి సెలవు పెట్టి, తెల్లారకముందే లేచి, ముప్ఫై మందికి చికెన్ బిర్యానీ దమ్ పెట్టాను. పెరుగు పచ్చడి, ఉడికించిన గుడ్లు వేరే డబ్బాల్లో సర్దాను. కారంతా ఘుమఘుమలాడిపోయింది. మా ఆయనది వరంగల్. దారి పొడుగునా "నన్నొక్క ముక్క తిననియ్యవా?" అని సతాయిస్తూనే ఉన్నారు.

హాల్లో నేను ట్రే మూత తీయగానే పిల్లలంతా ముందుకొచ్చారు. వచ్చినవాళ్ళు అలాగే నిలబడిపోయారు. కోచ్ నేల చూపులు చూస్తోంది. నాకేమీ అర్థం కాలేదు. మా అమ్మాయి నా చెవిలో, "అమ్మా, లెంట్. ఫ్రైడే. వాళ్ళు మీట్ తినరు" అంది.

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుంటూరులో పదేళ్ళు కాన్వెంటులో చదివినదాన్ని. విభూది బుధవారం, తపస్సు కాలం, శుక్రవారం మాంసం ముట్టకపోవడం, అన్నీ ఎరిగినదాన్ని. ఈ దేశం వచ్చాక మా శనివారాలు, ఏకాదశులు గుర్తుపెట్టుకున్నాను గానీ వాళ్ళ శుక్రవారం మర్చిపోయాను. పైగా పిల్ల చేరింది క్యాథలిక్ కాలేజీలో. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

అప్పుడు ఓ మూల నుంచి కర్ర పట్టుకుని లేచారు ఆ సిస్టర్. తెరలు కత్తిరించిన సిస్టరే. ఎనభై దాటినా ఒక్క ఆటా మానేవారు కాదు. ట్రే దగ్గరికి వచ్చి, వంగి, కళ్ళు మూసుకుని వాసన చూశారు.

"ఇవాళ శుక్రవారం కాబట్టి వాసన మాత్రమే" అన్నారు. "రేపు శనివారం. రేపు రెండు ఆటలున్నాయి. ఫ్రిజ్‌లో పెట్టండి."

పిల్లలు నవ్వారు. వరసగా వచ్చి ఒక్కొక్కరూ వాసన చూసి వెళ్ళారు. ఆ పూట గుడ్లు, బ్రెడ్డు, పెరుగు పచ్చడితో సరిపెట్టుకున్నారు.

మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. పార్కింగ్‌లో కారెక్కి కూర్చుని ఏడ్చింది. "నేను ఆడను కూడా ఆడను అమ్మా. ఇప్పుడు బిర్యానీ అమ్మాయిని కూడా అయిపోయా. ఐ వాంట్ టు క్విట్."

"మానెయ్" అన్నాను. ఊరడించడానికి అన్న మాట కాదది. నిజంగానే మానేస్తే బాగుండుననుకున్నాను. బెంచీకి అతుక్కుపోవడానికి ఇంత కష్టం దేనికి? అది నావైపు ఒకసారి చూసి, కళ్ళు తుడుచుకుని హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మేం ఆ ఊళ్ళోనే హోటల్లో ఉండిపోయాం. మర్నాడు మొదటి ఆట చిత్తుగా ఓడారు. రెండో ఆటకి మధ్య ఉన్న గంటలో బిర్యానీ బయటికి తెచ్చారు. నేను వేడిచేస్తానని లేచేలోపే ప్లాస్టిక్ ఫోర్కులతో ఎగబడ్డారు. అన్నం గడ్డకట్టుకుపోయి, నెయ్యి తెల్లగా పేరుకుపోయి ఉంది. చూడలేక పక్కకి వెళ్ళిపోయాను. వాళ్ళు ట్రే అడుగు దాకా గీకి తిని, వెళ్ళి ఆట గెలిచారు.

ఆ రెండో ఆట మొదలయ్యేముందు సిస్టర్ నన్ను పిలిచారు. ఆవిడ మడత కుర్చీ అందరిలా బ్యాటింగ్ చేసే చోటుకి ఎదురుగా ఉండేది కాదు, బుల్‌పెన్ కంచెకి ఆనుకుని ఉండేది.

"క్యాచర్ వాళ్ళమ్మవి కదూ? తప్పు చోట కూర్చుంటున్నావు. నీ కూతురు ఆడేది ఇటువైపు" అని పక్క కుర్చీ చూపించారు.

కూర్చున్నాను. మూడడుగుల దూరంలో మా అమ్మాయి. బంతి వచ్చి గ్లవ్‌లో పడుతుంటే ఆ చప్పుడు నా గుండెల్లో వినిపించింది. ప్రతి బంతికీ ఏదో ఒకటి అంటోంది. విసిరే పిల్ల కంగారు పడుతుంటే లేచి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, ఏదో చెప్పి నవ్వించి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తీయని పిల్ల. ఏడుపొచ్చింది నాకు. సిస్టర్ చూడనట్టు ఊరుకున్నారు.

అది మానలేదు. మానమని నేనూ మళ్ళీ అనలేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఫోన్ చేసింది. "అమ్మా, టీమ్ వాళ్ళు సేమ్ బిర్యానీ తెమ్మంటున్నారు. ఫ్రైడే తేవాలి. అందరూ స్మెల్ చేస్తారు. సాటర్‌డే రెండు ఆటల మధ్యలో తినాలి. వేడి చెయ్యకూడదంట."

"శనివారం పొద్దున్నే వేడివేడిగా చేసి తెస్తానే" అన్నాను.

"నో అమ్మా. అలా అయితే వర్క్ అవ్వదు."

మన ఇళ్ళల్లో చాదస్తాలని తెగ నవ్వే పిల్ల ఇది. నాలుగేళ్ళూ శుక్రవారం మోసుకెళ్ళి శనివారం చల్లగా తినిపించాను. నాలుగేళ్ళూ సిస్టర్ పక్కనే కూర్చున్నాను. ఆవిడ ఎక్కువ మాట్లాడేవారు కాదు. చలేస్తే దుప్పటి సగం నా ఒళ్ళో వేసేవారు. ఇప్పుడు తలచుకుంటే ఆ మధ్యాహ్నాలంత హాయి మళ్ళీ దొరకలేదనిపిస్తుంది.

మా అమ్మాయి చదువై ఐదేళ్ళయింది. పోయిన చలికాలంలో సిస్టర్ పోయారు. ఈ మార్చిలో ఆవిడ జ్ఞాపకంగా పెట్టిన ఆటలకి పాతవాళ్ళందరినీ పిలిస్తే అమ్మాయీ నేనూ వెళ్ళాం. ఆవిడ కుర్చీ ఆ కంచె దగ్గరే ఉంది, దుప్పటి మడతపెట్టి ఉంది.

శుక్రవారం ఆట అయ్యాక హాల్లోకి వెళ్తే బల్ల మీద ట్రే కనబడింది. నేను రాసిచ్చిన కాగితం చూసి ఇప్పుడెవరో తల్లి చేస్తోందట. రంగు చూస్తేనే తెలిసిపోయింది, కారం తగ్గించేశారు. ప్రాణం ఊరుకోక చెంచా తీసుకున్నాను.

"మ్యామ్, ఇవాళ తినకూడదండీ" అంది ఒక పిల్ల. పద్దెనిమిదేళ్ళుంటాయి, మోకాళ్ళకి ఐస్ సంచులు కట్టుకుని కూర్చుంది. "వాసన చూడొచ్చు. తినడం రేపే. ఇది ఎప్పటినుంచో ఉన్న ఆచారం."

"అలాగా? ఎవరు మొదలుపెట్టారు?" అని అడిగాను. మా అమ్మాయి నా మోచేయి నొక్కింది.

"పాత క్యాచర్ ఒకామె ఉండేదట. వాళ్ళమ్మ చేసి తెచ్చిందట. చాలా గొప్ప ప్లేయర్ అంటారు. అది తిని వెళ్ళి, దుంపల అవతలికి కొట్టి ఆట గెలిపించిందట."

నా మనసు ఎగిరి గంతేసింది. దాచడం దేనికి, నాలుగేళ్ళు నేను కలలుగన్నది అదే. పోనీలే, చరిత్రలోనైనా కొట్టింది, అలాగే ఉండనీ అనుకున్నాను.

మా అమ్మాయి ఉండనివ్వదుగా. "లేదు, ఆమె ఒక్క ఆట కూడా ఆడలేదు. బుల్‌పెన్‌లో క్యాచర్" అంది.

ఆ పిల్ల తలెత్తి చూసింది. ఐస్ సంచి సర్దుకుంటూ, "నేనూ అంతే" అంది. "నాలుగేళ్ళూ ఉందా?" అని అడిగింది.

"ఉంది. ఒకసారి మానేద్దామనుకుంది. వాళ్ళమ్మ కూడా మానెయ్యమంది."

నాకు ముఖం మీద కొట్టినట్టయింది. తొమ్మిదేళ్ళుగా ఆ మాట మరిచిపోయిందనే అనుకుంటున్నాను. మా అమ్మాయి గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే.

"మా అమ్మ కూడా అదే అంటోంది" అంది ఆ పిల్ల మెల్లగా.

నేను చెంచా కింద పెట్టేశాను. "మీ అమ్మ రేపు వస్తోందా?"

"వస్తుంది."

"నా పక్కన కూర్చోమను" అన్నాను. "బుల్‌పెన్ కంచె దగ్గర."