ఐదో బ్యాటరీ

ఆ శుక్రవారం తెల్లవారకముందే వాన మొదలైంది. బడికి సెలవని ఏడు గంటలకు కబురొచ్చింది. నాకు వారపు సెలవు. నా భార్య మాత్రం వాషర్‌మెన్‌పేటలోని బట్టల కొట్టుకు గొడుగేసుకుని వెళ్ళిపోయింది. పెరంబూరులో రెండో అంతస్తు మా ఇల్లు. ఒకే గది, ఒక వంటిల్లు. తొమ్మిదేళ్ళ కూతురు, రెండేళ్ళు నిండని కొడుకు, నేను మిగిలాం.

వాళ్ళమ్మ పుట్టినరోజుకు వెలిగే కార్డు చేయాలని అమ్మాయి నెల రోజులుగా అడుగుతోంది. మడిచిన అట్టలో రాగి పట్టీ అంటించి, చిన్న ఎర్ర ఎల్‌ఈడీ బల్బు ఒకటి, గుండ్రటి బిళ్ళ బ్యాటరీ ఒకటి పెడితే చాలు. మూల నొక్కితే పువ్వు మధ్యలో బల్బు వెలుగుతుంది. నేను రైల్వే వర్క్‌షాపులో వైరింగ్ పని చేసేవాణ్ణి. ఈ పాటి పని నాకొక లెక్క కాదనుకున్నాను. వీధి చివర ఎలక్ట్రిక్ కొట్టులో ఐదు బ్యాటరీల అట్ట ముందురోజే తెచ్చి పెట్టాను.

చాప మీద కూర్చున్నాం. అమ్మాయి పువ్వుల రేకులు కత్తిరించింది, నేను పట్టీలు అంటించాను. పిల్లవాడు మా మధ్య పాకుతూ కాగితం ముక్కలు ఏరుకుంటున్నాడు. పదకొండయ్యేసరికి మూడు కార్డులు తయారయ్యాయి. మూడూ వెలిగాయి. అమ్మాయి సంతోషంతో చప్పట్లు కొడితే పిల్లవాడు కూడా కొట్టాడు.

సామాన్లు సర్దుతుంటే అట్టలో ఒకటే బ్యాటరీ కనిపించింది. కార్డుల్లో మూడు, ఇక్కడ ఒకటి. నాలుగే.

"ఇంకోటి యాడుంది?" అన్నాను.

అమ్మాయి చాప ఎత్తి చూసింది. "తెలీదప్పా."

అప్పుడే పిల్లవాడు దగ్గాడు. గడ్డం మీద జొల్లు కారుతోంది. పొద్దున్నుంచీ కారుతూనే ఉంది, పళ్ళొస్తున్నాయని పట్టించుకోలేదు. నోరు తెరిపించి వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. వాడు ఏడ్చాడు.

చేతిలో ఉన్న అట్ట తిప్పాను. వెనక చిన్న అక్షరాలు, వాటి పక్కన అడ్డగీత కొట్టిన పసిబిడ్డ బొమ్మ. మింగితే లోపల కాలుతుందనీ, వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ ఉంది. నిన్న కొట్టులో తీసుకున్నప్పుడు గానీ, పొద్దున అట్ట చించినప్పుడు గానీ నేనది చదవలేదు.

"వాణ్ణి చూసుకోమని చెప్పినా కదా నీకు! ఏం చేస్తా ఉండావ్ నువ్వు?" అని అరిచాను. నిజానికి నేనలా చెప్పనే లేదు. అమ్మాయి పెదవి వణికింది గానీ ఏడవలేదు.

అరుపులకు కింది ఇంటావిడ పైకొచ్చింది. మా నాయనమ్మ కాలం నుంచీ ఎరిగిన కుటుంబం. సంగతి విని, "రెండు అరటిపండ్లు పెట్టయ్యా, పొద్దుటికి తానే పడిపోతాది. మా పిలకాయలు ఎన్ని మింగలా!" అంది. నేను పండు ఒలిచాను కూడా. అంతలో భార్యకు ఫోన్ చేస్తే, "నోట్లో ఏమీ పెట్టొద్దు! నీళ్ళు కూడా వద్దు. ఆస్పత్రికి పో, నేను ఆడికే వస్తా" అని కేక వేసింది. వాళ్ళ కొట్టులో ఎవరి బిడ్డకో ఇలాగే జరిగిందట. ఆ బిడ్డ ఏమైందో తను చెప్పలేదు, నేను అడగలేదు.

ఆటో దొరకడానికి పావుగంట పట్టింది. రైలు వంతెన కింద మోకాలి లోతు నీళ్ళు. ఆటో అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, సందుల గుండా పోయింది. పిల్లవాడు నా ఒళ్ళో నిద్రపోయాడు. నిద్రో, మరేదో తెలియక రెండు నిమిషాలకోసారి తట్టి లేపాను. లేచి ఏడిస్తే ప్రాణం కుదుటపడేది. ఆపితే మళ్ళీ భయం. పక్కన అమ్మాయి తమ్ముడి పాదం పట్టుకుని కూర్చుంది.

పిల్లల డాక్టరు చిన్న వయసువాడు. ఎంతసేపైందని తమిళంలో అడిగాడు. గంటన్నర అన్నాను. వాంతి చేయించారా అన్నాడు. లేదన్నాను. "మంచి పని" అని, గొంతు నుంచి పొట్ట దాకా ఎక్స్‌రేకు రాశాడు.

ఆ గది బయట బల్ల మీద కూర్చున్నాం. నా భార్య తడిసిన చీరతో వచ్చి నిలబడింది. అమ్మాయి తల్లి కొంగు పట్టుకుని, "అమ్మా, తంబికి ఏమైనా అయితే అది నా వల్లే కదా?" అని అడిగింది. తల్లి నా వైపు చూసింది.

డాక్టరు ఫిల్మును వెలుతురు పలక మీద పెట్టాడు. పక్కటెముకలు, చిన్న వెన్నెముక. గుండ్రటిది ఏదీ లేదు. "లోపల లేదు. జొల్లు పళ్ళ వల్లే" అన్నాడు. నేను రెండోసారి చూడమన్నాను. చూశాడు. "కానీ ఇంట్లో ఎక్కడో ఉంది. అది దొరికేదాకా బిడ్డను నేల మీద వదలకండి" అన్నాడు.

ఇంటికొచ్చాక పిల్లవాణ్ణి తల్లి చంక నుంచి దించలేదు. మంచం జరిపాం, బియ్యం డబ్బా కింద చూశాం, చీపురు పుల్లల్లో కూడా వెతికాం. నేను వంటింట్లో నీళ్ళు పోయే మోరీ జాలీ ఎత్తి చేయి పెట్టాను. నాలుగయ్యింది. వెలుతురు తగ్గుతోంది.

"అప్పా," అని పిలిచింది అమ్మాయి. మొదటి కార్డు ఆమె చేతిలో ఉంది. "ఈడ ఎత్తుగా ఉంది చూడు."

కార్డు మూలన అంటించిన పచ్చ కాగితం కింద చిన్న ఉబ్బు. గోటితో చించాను. బ్యాటరీ బయటపడింది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున నేను దాన్ని తిరగేసి పెట్టాను. బల్బు వెలగలేదు. చెడిపోయిందనుకుని, చిరాకుతో దాని మీదే కాగితం అంటించేసి, పక్కన ఇంకొకటి పెట్టాను. వైరింగ్ పనివాణ్ణి. ప్లస్సు, మైనస్సు చూడలేదు.

నా భార్య గోడకు జారబడి కూర్చుని ఏడ్చింది. నేను అమ్మాయి ముందు చాప మీద కూర్చున్నాను.

"తప్పు నాదిరా. నీ మీద అరిచినా. నువ్వేమీ చేయలేదు."

"సరిలే అప్పా," అంది. తర్వాత "నేను నిజంగా చూసుకోలేదేమో అనుకున్నా. ఆటోలో అదే అనుకుంటా ఉన్నా," అంది.

ఆ మాట నాకు ఎక్స్‌రే గది ముందు గడిపిన ఆ కాసేపటికన్నా ఎక్కువ బరువనిపించింది.

బ్యాటరీలన్నీ అట్టతో సహా ఎలక్ట్రిక్ కొట్టులో తిరిగి ఇచ్చేశాను. మూడు వారాల పాటు ఇంట్లో కత్తెర, జిగురు ఎవరూ తీయలేదు. పిల్లవాడు దగ్గినప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ణి. ఒక ఆదివారం అమ్మాయి పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితాలు తెచ్చి నా ముందు పరిచింది. సబ్బు నీళ్ళతో గీస్తే ఎర్ర గీత పడుతుందట, టీచర్ చెప్పిందట. ముందుగా తమ్ముణ్ణి ఎత్తుకెళ్ళి తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి వచ్చింది. "ఇందులో మింగేది ఏమీ లేదప్పా, నేను చూసినా," అంది. గిన్నెలో సబ్బు నీళ్ళు కూడా వాడికి అందని అలమర మీద పెట్టి, గీసే పుల్ల నా చేతికిచ్చింది.