బాగుండాది సార్

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టడం నా పని. లోపలివైపు తిప్పి కుట్టు చూడందే దేన్నీ నమ్మను. అందుకే, మా మండలం ఎస్సై ఆ రోజు మా గుమ్మం ముందు బండి దిగి మా నాయనను "ఏం పెద్దాయనా" అని పలకరిస్తే నా ఒళ్లు మండిపోయింది. అంతకుముందు ఎండాకాలం స్టేషన్‌లో ఇదే నోరు ఆయనను "రేయ్" అనింది.

అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగితీగ పోయిందని, ఆ పక్కన గొర్రెలు మేపుకుంటున్న నాయనను పట్టుకుపోయారు. అసలు దొంగలు వేరే ఊళ్లో దొరికాక వదిలిపెట్టారు. ఎస్సై లాఠీకి విరిగిన కుడి మణికట్టు మాత్రం సరిగా అతుక్కోలేదు. "పొమ్మన్నారు గదా, అదే పదివేలు" అన్నాడు నాయన. నేను ఊరుకోలేదు.

అనంతపురంలో ఒక వకీలు దారి చెప్పాడు. క్రిమినల్ కేసు వేరు, ఇది వేరు. చేసిన నష్టానికి ఎస్సై తానే జవాబుదారీ అని సివిల్ కోర్టులో ఆయన మీదే దావా వేయొచ్చు. కాకపోతే ప్రభుత్వోద్యోగి కాబట్టి ముందు నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలట. కొట్టినవాడికి చెప్పిపెట్టి, సర్దుకోమని గడువు ఇవ్వడం ఏం చట్టమో! ఈ వకీలు కూడా వాళ్ల మనిషేమో అనుకున్నాను.

ఆ గడువులోనే ఎస్సై మామూలు బట్టల్లో మా ఇంటికి వచ్చాడు. వెంట ఒక కానిస్టేబుల్. మజ్జిగ ఇస్తే వద్దనకుండా తాగాడు. కానిస్టేబుల్ చొక్కా జేబులోంచి ఫోన్ సగం బయటికి తొంగిచూస్తోంది, కెమెరా మా వైపే ఉంది. నేను నాయనకు సైగ చేసేలోపే ఎస్సై అడిగేశాడు.

"చెయ్యి ఎట్లుండాది పెద్దాయనా?"

"బాగుండాది సార్. అంతా మీ దయ."

మా వైపు ఎవరు అడిగినా ఇదే జవాబు. చేను ఎండిపోయినా, జ్వరంతో మూలుగుతున్నా, పెద్దమనిషి అడిగితే బాగుండాదనే అంటాం. బాగలేదంటే ఎదురు చెప్పినట్టు. వాళ్లు పోయాక నాయన మీద అరిచాను.

"ఏమనమంటావు పాపా? ఇంటికొచ్చినోడితో కొట్లాడమంటావా?" అన్నాడు.

నా అనుమానమే నిజమైంది. కోర్టులో ఆ వీడియో బయటికి తీశారు. ఎస్సై తరఫు వకీలు నాయనను బోనులో నిలబెట్టి, "చెయ్యి బాగుందని నువ్వే అన్నావు కదా?" అన్నాడు.

"అంటిని సార్."

"ఎస్సై గారి దయ అని కూడా అన్నావు?"

"అంటిని సార్. కొడతాండేటప్పుడు గూడా మీ దయ సార్ అనే మొత్తుకుంటిని."

వెనక ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. జడ్జి మేడం రాయడం ఆపి తలెత్తింది.

"ఇప్పుడు చెప్పండి. చెయ్యి ఎలా ఉంది?"

మెత్తగా అడిగింది. ఆ మెత్తదనం వెనక ఏముందోనని నాకు మళ్లీ అనుమానం. అంతకన్నా నాయన అంటేనే భయం. అడిగింది ఎస్సై కన్నా పెద్ద మనిషి. ఆయన నోటికి అలవాటైన మాట ఒక్కటే. అది గాని బయటికి వచ్చిందా, మా దావా గంగలో కలిసినట్టే.

నాయన చేతులు కట్టుకోబోయాడు. కుడి చెయ్యి మడత పడలేదు.

"బాగలేదు మేడం" అన్నాడు. "గొర్రెపిల్లను గూడా ఎత్తుకోలేకుండా ఉండా."

నాకు ఏడుపు ఆగలేదు. మా నాయన ఒక పెద్దమనిషికి అలా జవాబు చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

తీర్పు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఎవర్నీ నమ్మను. నాయనకు తీర్పు సంగతే పట్టలేదు. బస్సులో ఊరు చేరేదాకా ఒకటే బాధ పడ్డాడు. "అంతమందిలో బాగలేదని అనేస్తి గదా పాపా, ఆయమ్మ ఏమనుకున్యాదో."