మోగని మీటరు

తొంభైల చివర్ల దూలపల్లిలో ఒక చిన్న షెడ్డుల పనిచేసేదాన్ని. బోరు మోటర్ల స్టార్టర్ డబ్బాలు తయారయితుండె అక్కడ. నాది టెస్టింగు పని. చేతిల పట్టే మీటరు ఒకటి ఇచ్చిండ్రు. దానికి రెండు వైర్లు, వాటి కొనలకు సూదులు. ఎర్ర సూది కరెంటు వైరుకు, నల్ల సూది ఇనుప డబ్బాకు ఆనిస్తే మోగొద్దు. మోగిందంటే లోపల వైరు ఎక్కడనో డబ్బాకు తగులుతున్నట్టు. మోగకుంటే పాస్.

ఒకనాడు అన్నం తిని వచ్చి ఊరికెనే రెండు సూదులు ఒకదానికొకటి ఆనిచ్చిన. మోగాలె. మోగలే. నల్ల సూది వైరు లోపలనే తెగింది. ఎప్పుడు తెగిందో తెల్వది. నిన్న పొద్దుగాల మోగింది, గంతే యాది. అటెన్క నేను పాస్ చేసిన డబ్బాలు మంచియో కావో ఎవలకూ తెల్వది.

మా సారు గుంటూరు దిక్కు మనిషి. చెప్తే తిట్టలే. అప్పటిసంది పాసయిన పది డబ్బాలు పోయిన మేడ్చల్ దుకాణానికి ఫోన్ చేసిండు. తొమ్మిది డబ్బాలు అక్కడనే ఉన్నయట. ఒక్కటి మాత్రం పొద్దున శామీర్‌పేట రైతు కొనుక్కపోయిండు, మెకానిక్ పోయి బిగించి కూడ వచ్చిండు.

"రెండింటికి గాని అక్కడ కరెంటు రాదట. పదమ్మా" అని స్కూటర్ తీసిండు.

దారి పొడుగునా ఎనక నుంచి సారు చేతి వాచీనే చూసుకుంట కూసున్న. శామీర్‌పేట చెరువు కనబడేసరికి ఒంటిగంట నలభై. దుకాణపాయన చెప్పిన గుర్తులు పట్టి ఆ రైతు బోరుకాడికి ఉరికినం.

మక్కచేను గట్టు మీద ఒక అవ్వ, మోకాళ్ల దాంక బురద.

"ఏంది బిడ్డా, గట్ల ఉరుకుతున్నవ్?"

"అవ్వా, ఆ డబ్బా ముట్టకు."

"కొత్తదే గదా, పొద్దుగాల్నే నా కొడుకు తెచ్చిండు! చేను ఎండుతాంది. ఇప్పుడు తీస్కపోతనంటే ఊకోను."

సారు ఫ్యూజులు పీకిండు. తెచ్చుకున్న కొత్త వైర్ల సూదులు ముందు ఒకదానికొకటి ఆనిచ్చిన, మోగింది. తర్వాత డబ్బాకొకటి, వైరుకొకటి. మళ్ల మోగింది. మూత స్క్రూ కింద వైరు నలిగి రాగి బయటపడ్డది.

"అంటే ఏంది?" అన్నది అవ్వ.

"కరెంటొచ్చినంక ముట్టుకుంటే పాణం పోతుండె. నేనే చూసి పంపిన, అవ్వా."

"చూసి పంపినవా, చూడక పంపినవా?"

నేను మూత పట్టుకొని పక్కకు జరిగిన.

సారు నలిగిన కాడికి వైరు కోసి, కలిపి, టేపు చుట్టి, స్క్రూ మార్చిండు. నాలుగు దిక్కుల ఆనిచ్చి చూసిన. మోగలే. మళ్ల మళ్ల చూసిన. "చాలమ్మా, బాగానే ఉంది" అని సారు అన్నా నా చేతులు ఆగలే.

ఫ్యూజులు పెట్టినం. రెండు దాటినంక కరెంటొచ్చింది. సారు టెస్టర్ పెట్టి చూసి తల ఊపిండు. అవ్వ బటన్ నొక్కబోయింది.

"ఆగవ్వా" అని నేనే ముందు పోయి వేళ్ల ఎనక దిక్కు డబ్బాకు ఆనిచ్చిన. షాక్ కొట్టలే, ఉత్త ఇనుమే. అప్పుడు అవ్వ నొక్కింది. పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు పోసింది. ఆమె పార పట్టుకొని కాలువ మళ్లించనీకి పోయింది.

అటునుంచి అటే మేడ్చల్ పోయి తొమ్మిది డబ్బాల మూతలు తీసి చూసినం. అన్నీ మంచిగనే ఉన్నయి. సారు చాయ్ చెప్పిండు, "కూర్చోమ్మా" అన్నడు. కూసోలేకపోయిన.