అక్క దాచిన సగం టికెట్లు

మా అక్క సినిమా టికెట్లు దాచేది. మేముండే ఊళ్లో జుగ్సలాయి దగ్గర పాత హాల్లో గేటు మనిషి టికెట్టు చింపి సగం చేతిలో పెడితే, నలగకుండా ఇంటికి తెచ్చి బిస్కెట్ల డబ్బాలో వేసేది. మా సొంతూరు పలాస వెళ్లొచ్చిన రైలు టికెట్లూ అందులోనే. పెళ్లయి అదే ఊళ్లో భుయ్యాడీహ్ బస్తీకి వెళ్లినప్పుడు ఆ డబ్బా కూడా తీసుకెళ్లింది. నేను వెళ్తే అప్పుడప్పుడు డబ్బా దించి ఒక్కొక్కటే చూపించేది.

"ఇది నాన్న డ్యూటీ ఎగ్గొట్టి మనల్ని తీసుకెల్లిన రోజుది. ఇది నువ్వు ఒంటి చెప్పుతో ఇంటికొచ్చినావు చూడు, ఆ రోజుది."

ఆ గులాబీ కాగితాల మీద సీటు వరస అక్షరం తప్ప ఏమీ మిగిలేది కాదు. తను మాత్రం ఎప్పుడూ తడుముకోలేదు.

తర్వాత అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలయ్యాక ఇల్లు, ఆసుపత్రి తప్ప మరో చోటు లేకుండా పోయింది. ఒకరోజు తనే అడిగింది, "బొమ్మకి తీసుకెల్తావేటిరా?" అని. పాత హాలు మూతపడి చాలా కాలమైంది. ఫోన్లో టికెట్లు తీసి మాల్‌కు తీసుకెళ్లాను.

గేటు దగ్గర కుర్రాడు నా ఫోన్ మీద మిషన్ ఆనించి వెళ్లమన్నాడు. అక్క కదల్లేదు. చెయ్యి చాపి నిలబడింది. వెనక జనం ఆగిపోయారు.

"ముక్కేదిరా?"

"ఇప్పుడివ్వరక్కా. ఫోన్లోనే ఉంటాది."

"ఫోన్ నీది గదా. మరి నాకేటి?"

ఆ కుర్రాణ్ణి అడిగాను. కాగితం లేదని హిందీలో చెప్పి, వెనకవాళ్ల ఫోన్ అందుకున్నాడు. అక్క చెయ్యి దించేసింది. లోపల కూర్చున్న కాసేపటికే నిద్రపోయింది. కాళ్ల వాపుకు చెప్పులు ఒరుసుకుంటుంటే విప్పి పక్కన పెట్టాను. ఇంటర్వెల్లో లేచి, "ఇంక చాలు, పోదాం" అంది. ఆటోలో సినిమా ఎలా ఉందని నేను అడగలేదు.

వానలు పడుతుండగా అక్క పోయింది. సువర్ణరేఖ నది ఒడ్డున కట్టెలు తడిసి సరిగ్గా అంటుకోలేదు. బావ డీజిల్ తెప్పించాడు.

కొన్నాళ్లకు బావ భుయ్యాడీహ్ ఇల్లు ఖాళీ చేసి, తను పనిచేసే షెడ్డుకు దగ్గరగా గమ్హరియాలో ఒక గది తీసుకున్నాడు. సామాను సర్దడానికి నేనూ వెళ్లాను. మేనకోడలు నేల మీద కూర్చుని డబ్బా మూత తీసింది. పైనున్న టికెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. కంప్యూటర్ టికెట్లు వచ్చాక దాచినవి అవి. అక్షరాలు పూర్తిగా ఎగిరిపోయాయి. అడుగున గులాబీవి, పసుపువి చిరుగుల దగ్గర పీచులేచి ఉన్నాయి.

ఒకటి తీసి, ఇదేదని నాకు చూపించింది. "మావయ్యా, యే కౌన్సా హై?"

నాకు తెలియలేదు. బావ వైపు చూశాను.

"మీ అక్కకే తెల్సు. నానెప్పుడూ అడగనేదు," అన్నాడు బావ, మంచం పట్టీలు విప్పుతూ.

మేనకోడలు రంగువన్నీ ఏరి ఒక కవర్లో వేసుకుంది. తెల్లవి తర్వాత చూద్దామని గుమ్మం పక్కన డబ్బాలోనే వదిలింది. మేం బీరువా కిందికి దించి తిరిగొచ్చేసరికి, ఖాళీ మందుబిళ్లల అట్టలతో పాటు బావ వాటినీ సంచీలో ఊడ్చేశాడు. చెత్తబండి వచ్చి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఉత్త డబ్బా చూసింది. మూత పెట్టి సామాను ట్రాలీలో పడేసింది.

ఇంటికొచ్చాక ఫోన్ వెతికాను. మాల్ టికెట్టు చెక్కుచెదరకుండా ఉంది. సినిమా పేరు, ఆట, సీట్లు అన్నీ ఉన్నాయి. పేరు ఉన్నచోట నాదే ఉంది. పక్కన 'ఇద్దరు' అని. దాన్నే మేనకోడలికి పంపాను.

చాలాసేపటికి జవాబొచ్చింది. "మమ్మీ ఖుష్ థీ ఉస్ దిన్?"

ఆ రోజు అమ్మ సంతోషంగా ఉందా అని అడుగుతోంది. ఏదో ఒకటి రాసి తుడిపేశాను. చివరికి హాల్లో నిద్రపోయిందని రాశాను. చదివినట్టు ఫోన్లో టిక్కులు పడ్డాయి. ఆ తర్వాత వాళ్లమ్మ గురించి తను నన్ను ఏమీ అడగలేదు.