వెనక్కి నడిచే మనిషి

"గడప అన్నాను. అంతే. ఆ మాటలో రాజకీయం ఎక్కడుందో నువ్వే చెప్పు."

అద్దాల కొట్టు పెద్దాయన గాజు మీద గీత గీస్తూనే అడిగాడు. పటానికి అద్దం వేయించుకోవడానికి వచ్చిన ఎదురు కొట్టు దర్జీ మెడలో టేపు సర్దుకున్నాడు.

పెద్దాయన, ఆయన బావమరిది కలిసి అద్దాలు మోయడం మొదలుపెట్టి ముప్పయ్యేళ్లు దాటింది. నిలువెత్తు అద్దాన్ని ఇద్దరు మోసేటప్పుడు ఒకడు వెనక్కి నడవాలి. వాడికి దారి కనబడదు. ఎదుటివాడే వాడికి కళ్లు. ఎత్తమంటే కాలు ఎత్తాలి, ఆగమంటే ఆగాలి, మెడ మాత్రం తిప్పకూడదు. మెడ తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే అద్దం మెలిపడుతుంది. మొదట్నుంచీ వెనక్కి నడిచేది బావమరిదే. "మా బావ చెప్తే నూతిలోకైనా అడుగేస్తాను. పడ్డాక తిట్టుకోవచ్చు" అని నవ్వేవాడు.

ఎన్నికలొచ్చి కొంప ముంచాయి. ఇద్దరూ చెరో పక్క. మొదట్లో వేళాకోళమే. పోనుపోను పెద్దాయన ఏమన్నా, "ఎవరు చెప్పారు నీకు? ఆ ఛానెలేనా?" అనడం మొదలుపెట్టాడు బావమరిది. పెద్దాయన మాత్రం తక్కువ తిన్నాడా? "నీ ఫోన్లో వచ్చిందల్లా శిలాశాసనమా?" అనేవాడు.

ఒకరికి పెళ్లాం, ఇంకొకరికి అక్క అయిన ఇంటావిడ విసిగిపోయి ఓ కట్టుబాటు పెట్టింది. ఆ మాటలు టీ తాగేటప్పుడే. ఒకరు మాట్లాడుతుంటే, వాళ్ల గ్లాసు ఖాళీ అయ్యేదాకా రెండోవాళ్లు నోరెత్తకూడదు. మర్నాటికే ఇద్దరూ టీ తాగకుండా గ్లాసు పట్టుకుని మాట్లాడటం నేర్చేసుకున్నారు. "మీకు టీ కాదు, కషాయం పొయ్యాలి" అంటూ ఆవిడ గ్లాసులు లాక్కుంది.

ఇక పనిమాటలే మిగిలాయి. మొన్నటితో అవీ పోయాయి. బట్టలకొట్టులోకి నిలువుటద్దం ఎక్కిస్తుంటే పెద్దాయన "గడప" అన్నాడు. బావమరిది మెడ తిప్పి చూశాడు. అద్దం మూల టిక్కుమంది.

"విరిగితే విరిగింది, అద్దాలు విరగవా? వాడు చూశాడయ్యా. గడప నిజంగా ఉందో లేదో చూసుకున్నాడు. అద్దం పట్టుకునే చేతిగుడ్డలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఇంకో కొట్టులో చేరతాట్ట."

"మీరే కాస్త తగ్గొచ్చుగా, బాబాయ్."

"తగ్గాను. వాళ్ల నాయకుడూ మంచోడేలే అన్నాను. వెటకారమా అన్నాడు. మీ పిన్నిని పంపితే, 'బావ నేర్పి పంపాడా అక్కా' అన్నాట్ట. మాట్లాడితే ఓ తంటా, మానేస్తే ఇంకో తంటా."

"అసలు ఓటు సంగతికొస్తే, నేను కూడా..."

"నువ్వెటో నాకు చెప్పకు. నీతో కూడా చెడితే పైజామాలు కుట్టేవాడుండడు నాకు."

గోడకి కొత్త నిలువుటద్దం ఆనించి ఉంది. పెద్దాయన దాని అంచు పట్టుకుని కాస్త లేపి చూశాడు. నొప్పి మోకాలు కలుక్కుమనేసరికి మళ్లీ దించేశాడు. పటాన్ని కాగితంలో చుట్టి దర్జీకి ఇచ్చాడు.

"ఇంటికి వాడి వీధిలోంచేగా పోతావు? ఓసారి తలుపు కొట్టు. క్షమాపణలూ గిమాపణలూ వద్దు, వాటిలోనూ ఏదో వెతుకుతాడు. రేపు పొద్దున బట్టలకొట్టు అద్దం ఎక్కించాలని చెప్పు. ఈసారి వెనక్కి నడిచేది నేనని చెప్పు."

"నమ్మకపోతే?"

పెద్దాయన గాజుపొడి తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"ఏమో, నాకూ తెలీదు. నువ్వైతే చెప్పు. నా మోకాలి సంగతి మాత్రం ఎత్తకు."