వంత పడని చరణం

2023 వేసవి. రాజమండ్రిలో కోటగుమ్మం దగ్గర ఒక మేడ మీద నా రికార్డింగ్ స్టూడియో. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. గోడలకు స్పాంజి అంటించిన ఒక గది, అందులో రెండు మైకులు, అద్దానికి ఇవతల నేనూ నా కంప్యూటరూ. పదహారేళ్లుగా ఇదే పని. భక్తి పాటలు, ఎన్నికల పాటలు, బట్టల కొట్టు ప్రకటనలు, ఏది వస్తే అది చేస్తాను. కానీ జానపదం పాడేవాళ్లు మెట్లెక్కి వస్తున్నారంటే మాత్రం ఈ వయసులోనూ నాకు కాలు నిలవదు.

ఆ రోజు వచ్చింది సూరిబాబు గారు, ఆయన భార్య మంగ గారు. అమలాపురం దగ్గర పల్లె వాళ్లది, ఇద్దరూ కొబ్బరికాయలు ఒలిచే పని చేస్తారు. సూరిబాబు గారి పేరు నేను అంతకుముందే విన్నాను. మనుషులంతా ఒకటేనని, కులం పేరు చెప్పి ఎవరినీ దూరం పెట్టొద్దని ఆయన కట్టిన పాటలు కోనసీమలో చాలా సభల్లో పాడతారు. అలాంటి మనిషి నా గుమ్మంలో నిలబడితే సంబరంలో కూర్చోమనడం కూడా మరిచిపోయాను.

"ఏం పాటండీ?" అన్నాను.

"మా అమ్మాయి కోసం కట్టానండి" అన్నారాయన, నేల చూపులు చూస్తూ.

ఒక్కతే కూతురు, పేరు రాణి. రెండేళ్ల కిందట వేరే కులం అబ్బాయిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. భీమవరంలో కాపురం. అన్ని పాటలు కట్టిన సూరిబాబు గారు ఆ పెళ్లికి వెళ్లలేదు సరికదా, కూతుర్ని గడప తొక్కొద్దన్నారు. "నీ పాట నువ్వే వినలేదు నాన్నా" అని ఒక్క మాట అని ఆ పిల్ల వెళ్లిపోయిందట. ఇప్పుడు ఆమెకు ఏడో నెల. తల్లితో మాట్లాడుతుంది గానీ ఈయన ఫోన్ చేస్తే ఎత్తదు.

"మాటలు వినదండి. పాటైతే వింటదేమోనని ఆశ. చిన్నప్పుడు నా పక్కన నిలబడి వంత పాడేదండి."

వంత అంటే తెలియనివాళ్లకు చెబుతాను. పాడే మనిషి చరణం అంటాడు, పక్కవాళ్లు చివరి పాదాన్ని అలాగే అందుకుని తిరిగి పాడతారు. స్టూడియోలో మేం అసలు గొంతును ముందు ఒక ట్రాక్‌లో, అంటే ఒక పొరగా తీసుకుంటాం. వంతను విడిగా ఇంకో ట్రాక్‌లో తీసి రెండూ కలిపేస్తాం. నేనూ అదే చెప్పాను. మంగ గారు ఒప్పుకోలేదు.

"ఎదురుగా మనిషి పాడకుండా నేనేం అందుకుంటానండి?"

సరేనని ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాను. హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ పెట్టాను. తాళం తప్పకుండా టిక్కుటిక్కుమని వినిపించే చప్పుడది. దాంతో సూరిబాబు గారి గొంతు బిగుసుకుపోయింది. అది తీసేసి, తొడ మీద చరుచుకుంటూ పాడుకోమన్నాను. అప్పుడు అసలు పాట వచ్చింది.

"బుల్లి కాళ్ల రాణమ్మా, పుంత దారిన వచ్చేవే,
బువ్వ క్యారేజి మోసుకుని నా ఆకలి తీర్చేవే."

మంగ గారు అందుకున్నారు. ఆ రెండు గొంతులూ కలిసేసరికి నాకు ఒళ్లు జలదరించింది. రెండో చరణం ఇంకా బాగా వచ్చింది. కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డాను. ఇలా ఒక్క విడతలో కుదిరిన టేకు ఏడాదికొకటి దొరికితే గొప్ప. మూడో చరణం చివర ఆయన అన్నారు:

"నీ తప్పు నే మరిచానే, మా ఇంటికి రావే రాణమ్మా."

వంత పడలేదు. మంగ గారు మర్చిపోయారనుకుని మళ్లీ పాడించాను. పడలేదు. మైకు దగ్గరకు జరగమని మూడోసారి పాడించాను. అప్పుడూ అంతే. టేకు చేజారిపోతోందని నాకు ఒకటే తొందర.

"పర్లేదమ్మా, ఆ ముక్క వదిలెయ్యండి. సూరిబాబు గారి గొంతునే కాస్త మార్చి వంతలా అతికించేస్తాను. ఎవరికీ తెలీదు" అన్నాను. అప్పటికే నా చెయ్యి మౌస్ మీద ఉంది.

"మాస్టారూ, నేను మర్చిపోలేదండి" అన్నారు మంగ గారు. "వంత పాడితే ఆ మాటకి నేనూ ఒప్పుకున్నట్టేనండి. పిల్ల ఏం తప్పు చేసిందని ఒప్పుకోమంటారు?" తర్వాత భర్త వైపు తిరిగారు. "ముప్పయ్యేళ్లుగా నువ్వేం పాడినా అందుకున్నాను. ఇది మాత్రం నా నోట రాదయ్యా."

సూరిబాబు గారు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేశారు. కోపమొచ్చి దిగి వెళ్లిపోతారేమో అనుకున్నాను. రికార్డింగ్ ఆపాలన్న ధ్యాసే లేదు. ఆయన మళ్లీ మంగ గారికి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. తర్వాత చెయ్యి మెల్లగా తొడ మీద పడింది. పెదవులు కదిలాయి.

"నా తప్పు నేనెరిగానే, మీ ఇంటికి రానా రాణమ్మా."

ఆ పాదం పూర్తి కాకముందే మంగ గారు అందుకున్నారు. ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు. అద్దానికి ఇవతల నాకూ అంతే. స్టాప్ నొక్కడం మరిచిపోబట్టి అదంతా ట్రాకులో పడింది. "రానా" దగ్గర ఆయన గొంతు జీరపోయింది. ఇంకో టేకు తీద్దామా అని అడిగాను.

"ఉండనివ్వండి. అది మా అమ్మాయికి తెలియాలండి" అన్నారు.

ఆ పాత పాదమూ మధ్యలో మాటలూ కత్తిరించేసి, పాటను అక్కడికక్కడే మంగ గారి ఫోన్ నుంచి వాట్సాప్‌లో పంపించాం. చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. వాళ్లు అమలాపురం బస్సెక్కి వెళ్లిపోయారు. నేను మాత్రం రెండు రోజులు ఏ పని చేస్తున్నా ఫోన్ వైపే చూస్తూ గడిపాను.

మూడో రోజు పొద్దున్నే సూరిబాబు గారు ఫోన్ చేశారు. నేను హలో అనేలోపే, "మాస్టారూ, వంత వచ్చిందండి" అన్నారు. మంగ గారు ఫోన్ తీసుకుని, రాణి పెట్టిన వాయిస్ మెసేజ్ నాకు పంపించారు. వెనక కుక్కరు కూత వేస్తుంటే ఒక ఆడపిల్ల గొంతు ఆ చివరి పాదాన్ని ఉన్నదున్నట్టు అందుకుని ఒక్కసారి పాడింది. ముందూ వెనకా మాటేమీ లేదు. ఆ ఆదివారమే వాళ్లిద్దరూ భీమవరం వెళ్లారు.

ఒక మనిషి అనని మాటను ఆ మనిషి నోట పెట్టడం నాకు రెండు నిమిషాల పని. ఆ రోజు అదే చేసి ఉంటే ఆ తప్పు మాట పిల్ల చెవిన పడేది, ఆ వంత ఎప్పటికీ వచ్చేది కాదు. అందుకే ఇప్పుడు నా స్టూడియోలో ఎవరైనా పాడుతూ పాడుతూ ఆగిపోతే ముందు మౌస్ మీద నుంచి చెయ్యి తీసేస్తాను. తర్వాత తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, ఏమైందని అడుగుతాను.