రబ్బరు ఎరలో సోంపు నూనె

మా ఆయన నా పాలగిన్నెలో రబ్బరు వానపాములు కరిగించిన రోజున ఆయనతో రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట మాట్లాడాను, అదీ తిట్టడానికే. ఆ గిన్నె మళ్ళీ పాలకి పనికిరాలేదు. పెరట్లో దానికొక మేకు కొట్టి తగిలించి, "ఇక ఇది మీది, వంటింట్లోకి రావద్దు, మీరూ రావద్దు" అని చెప్పేశాను.

ఆ వానపాములు మా అన్నయ్య తెచ్చినవి. అన్నయ్య దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ ఎవరో ఉత్తరాది ఇంజినీరు క్వార్టర్సు ఖాళీ చేస్తూ పారేయబోయిన డబ్బా ఒకటి, "మా బావకి చేపల పిచ్చి" అని అడిగి తెచ్చాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మెత్తగా, పట్టుకుంటే జారిపోయేట్టు, తోక కదిలే, గాలానికి గుచ్చే రబ్బరు పురుగులు మా వైపు ఎవరూ చూసి ఎరగరు. మా ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని పసిపిల్లని చూసినట్టు చూశారు.

కాలువలో కొరమీను వాటిని బాగానే పట్టేది. కానీ దాని పళ్ళకి రబ్బరు ఎన్నాళ్ళు ఆగుతుంది? నెల తిరిగేసరికి అన్నీ ముక్కలయ్యాయి. ఆ ముక్కల్ని కరిగించి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిన అచ్చులో పోసి మళ్ళీ పురుగులు చేయడం మొదలుపెట్టారు. చేసినవాటిని చేప నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేసేది. అందుకని అందులో ఏవేవో కలపడం మొదలైంది.

మొదట ఉప్పు. జాడీలోది గుప్పెడు తీసి వేడి రబ్బరులో వేశారు. చిటపటమని బుడగలొచ్చి పురుగంతా బొరియలైంది. నేను అరుగు మీద కూర్చుని స్కూలు పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటున్నాను. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "ఉప్పులో తడి ఉంటుంది కదండీ, వేయించి, నూరి వెయ్యండి" అన్నాను. అంతే, నేనూ అందులో ఇరుక్కున్నాను. ఉప్పు వేయించడం నా పని అయింది. ఉప్పు ఎక్కువైతే పురుగు పెళుసెక్కి తెగేది. మెత్తబడటానికి కొబ్బరినూనె వేస్తే, అది ఎక్కువైన రోజున జిడ్డు కారేది. స్కూలు వార్షికోత్సవంలో మిగిలిన చమ్కీ పొడి తెచ్చిచ్చాను. అది అడుక్కి దిగిపోకుండా అచ్చులో పోసేదాకా కలుపుతూనే ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం వాసన. వెల్లుల్లి రసం, ఎండు రొయ్యల పొడి, ఇంగువ, చివరికి ఆయుర్వేదం కొట్లో దొరికే సోంపు నూనె. చుక్క వేసేవారు, గరిటె తన ముక్కు దగ్గర పెట్టుకునేవారు, తర్వాత నా దగ్గరికి తెచ్చేవారు.

"ఏమే, చాలా?"

"చాలండీ, వీధి చివరిదాకా వస్తోంది."

"ఇంకో చుక్క వెయ్యనా?"

"వెయ్యకండి బాబూ, కళ్ళు తిరుగుతున్నాయి."

ఆయన అలా అడగడం నాకు గర్వంగా ఉండేది. పెళ్ళయిన పదేళ్ళలో ఆయన నా మాట కోసం ఆగింది ఆ గరిటె దగ్గరే.

ఆయన పని గురించి చెప్పాలి. గుంటూరు శివార్లలో ఒక కారం మిల్లులో చేసేవారు. మిర్చి యార్డు నుంచి మిరపకాయల బస్తాలు రాగానే, ఇనప బొరుగుతో బస్తాని పొడిచి గుప్పెడు కాయలు బయటికి లాగి, వాసన చూసి చెప్పాలి: ఇది కొత్త కాయ, ఇది కోల్డ్ స్టోరేజీ కాయ, ఇది తడిసి ఆరింది, ఇందులో బూజుంది. ఆయన ఊ అంటేనే ఓనరు మిల్లు తిప్పించేవాడు. అందరూ ఆయన్ని ముక్కాయన అనేవారు. ఆ పేరంటే ఆయనకి ఎంత ఇష్టమో, పెళ్ళిచూపుల్లో నాకు చెప్పిన మొదటి సంగతి అదే.

ఒక శనివారం మధ్యాహ్నం పెరట్లో పొయ్యి మీద గిన్నె పెట్టుకుని కూర్చున్నారు. నేను బట్టలు ఆరేస్తున్నాను. గుప్పున కిరోసిన్ వాసన. వెనక్కి తిరిగేసరికి మంట మీదున్న గిన్నెలోకి ఆయన గోధుమరంగు సీసా వంచుతున్నారు. తడి చీర అక్కడే పడేసి పరిగెత్తి సీసా లాక్కున్నాను. రెండు చుక్కలు అప్పటికే పడి భగ్గుమన్నాయి. ఆయన చేతి మీద వెంట్రుకలు మాడాయి.

"మీకేమైనా మతి పోయిందా? అది కిరోసిన్!"

"కొబ్బరినూనె కాదా?" అన్నారు.

సీసా మూత తీసే ఉంది. ఆయన ముక్కుకీ దానికీ జానెడు దూరం. నేను సీసాని ఆయన మొహం దగ్గర పెట్టాను. ఆయన తల తిప్పుకోలేదు. నీళ్ళ సీసా పెట్టినట్టు చూశారు. అప్పుడు అర్థమైంది నాకు. సీసాకి మూత పెట్టి ఆయన పక్కనే కూర్చున్నాను.

"ఎప్పటినుంచి?"

"పోయిన సీజన్ నుంచి" అన్నారు. "ఘాటు తెలుస్తుందే. కళ్ళు మండుతాయి, దగ్గొస్తుంది. అందుకే నాకూ చాన్నాళ్ళు తెలీలేదు. వాసనే రావట్లా."

ఇన్నేళ్ళు మింగిన కారం దుమ్ము ఆ పని చేసింది. మరి మిల్లులో ఎలా నెట్టుకొస్తున్నారంటే, కాయ విరిచి లోపలి రంగు చూసి, ఊపి గింజల చప్పుడు విని, బస్తా విప్పిన హమాలీ మొహం ఎలా పెట్టాడో చూసి చెబుతున్నారట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఆ సోంపు నూనె, ఆ ఇంగువ చేపల కోసం మాత్రమే కాదు. ఏ చుక్కకైనా తన ముక్కు తెరుచుకుంటుందేమోనని ప్రతిసారీ ముందు తాను చూసుకునేవారు. నా దగ్గరికి వచ్చేది ఆ తర్వాతే. నేను దాన్ని గౌరవమనుకున్నాను.

వాసన తిరిగి రావడం కష్టమన్నాడు డాక్టరు. ఆ సంగతి మిల్లులో తెలిస్తే ఆ పని ఉండదు. పని కంటే ఆ పేరు పోతుందని ఆయన బాధ. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. వచ్చిన ప్రతి సరుకు నుంచీ నాలుగు కాయలు కాగితంలో చుట్టి జేబులో వేసుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చేవారు. మా స్కూలు ఇంటికి ఎదురుగానే, నేనూ అప్పటికి వచ్చేదాన్ని. అన్నం ముందు పొట్లాలు విప్పేవాళ్ళం. మొదట్లో తప్పులు చెప్పాను. నెల రోజుల్లో తడిసిన కాయకీ ముక్కిన కాయకీ తేడా పట్టేశాను. మిల్లులో ముక్కాయన పేరు నిలబడింది. ఆ ముక్కు మూడో తరగతి లెక్కలు చెబుతోందని ఎవరికీ తెలియదు.

మంచి సీజన్లో ఒక గురువారం నాకు జలుబు చేసింది. మామూలు జలుబు కాదు, రెండు ముక్కులూ బిగదీసుకుపోయాయి. ఆయన పొట్లం విప్పారు. కాయ ఎర్రగా నిగనిగలాడుతోంది. పీల్చాను. ఏమీ లేదు. ఆవిరి పట్టి మళ్ళీ పీల్చాను. ఏమీ లేదు.

"చూడ్డానికి బాగానే ఉందిగా, ఈ ఒక్కరోజుకీ బాగుందని చెప్పేయండి" అన్నాను.

పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పే నోటితోనే అన్నానా మాట. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఆయన నన్ను కోప్పడలేదు. "జనం తినేది కదే ఇది" అని పొట్లం కట్టి జేబులో వేసుకున్నారు. అన్నం తినకుండానే వెళ్ళిపోయారు.

సాయంత్రం వచ్చి చెప్పారు. ఓనరు గదిలోకి వెళ్ళి, "నా ముక్కు పోయిందండి, ఇది వేరే ఎవరికైనా చూపించండి" అన్నారట. వేరే మనిషిని పిలిపించి చూపిస్తే తడిసి ఆరిన సరుకని తేలింది, బస్తాలు వెనక్కి వెళ్ళాయి. ఆయన్ని తొడిమలు తీసే షెడ్డు చూసుకోమన్నారు. పేరు మాత్రం పోలేదు. షెడ్డులో ఆడవాళ్ళు కూడా ముక్కాయన గారూ అనే పిలిచేవారు. ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా ఆయన మొహం చూడలేకపోయేదాన్ని.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన పెరట్లో గిన్నె దించారు. నేను వెళ్ళి ఉప్పు వేయించాను. నా జలుబు ఇంకా తగ్గలేదు, నోటితోనే ఊపిరి తీస్తున్నాను. ఆయన సోంపు నూనె చుక్క వేసి, కలిపి, అలవాటుగా గరిటె తన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నా దగ్గరికి తెచ్చారు.

"చాలా?"

గరిటె మీదికి వంగి గట్టిగా పీల్చినట్టు చేశాను.

"ఇంకో చుక్క వెయ్యండి" అన్నాను.

నాకూ ఏమీ రావడం లేదని ఆయనకి తెలుసు. సీసా వంచి ఇంకో చుక్క వేశారు.